రైతు ఎఱుకయు నొక మూలధనమే



రైతునకు గల ఆస్తి యేమని యడిగినచో భూమి, చెట్లు, పశువులు, పనిముట్లు, సంఘములోని వాటాధనము అని చెప్పుదురు. ఇవి యన్నియు ఏదో యొక కాగితము మీద నెక్కియున్నవి. భూమికి పాసుపుస్తకము గలదు. అప్పునకు పత్రము గలదు. వాటాకు రసీదు గలదు. కాని ఆ భూమిలో ఏ మూల నీరు నిలుచునో, ఏ చెట్టు ఏటికెన్ని కాయలిచ్చునో, ఏ సంవత్సరమున ఏ తెగులు ఏ దిక్కునుండి వచ్చెనో, ఇదంతయు రైతు తలలోనే యుండును. దానికి కాగితము లేదు, సాక్షియు లేడు. రైతు కన్నుమూసిన పిమ్మట భూమి కుమారులకు సంక్రమించును గాని ఆ యెఱుక సంక్రమింపదు.

ఈ నెల పాఠములో మేము చెప్పదలచినది ఈ యొక్క సంగతియే. చిన్న సేద్యమునకు గాని, చిన్న వ్యాపారమునకు గాని ఎఱుకయు నొక మూలధనమే. దానిని కూర్చుకొని, నిలుపుకొని, పంచుకొని, పనిలో పెట్టినవారికే అది ఫలమిచ్చును.

ఒక తోట కథ

మేము వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు పనిలో చేరిన తొలి సంవత్సరములలో, సముద్రమునకు దాపున ఇసుక భూములు గల యొక కోనసీమ గ్రామమునకు తరచుగా పోవుచుంటిమి. అచ్చట ఒక వృద్ధ రైతునకు ఎకరమున్నర కొబ్బరి తోట యుండెను. ఆ తోట ఈశాన్యమూలను మూడు చెట్ల మేర ఖాళీ విడిచి, దాని చుట్టును లోతుగా కందకము త్రవ్వించియుంచిరి. ఒకనాడు ఆయన మమ్మచ్చటికి తోడుకొనిపోయి, చేతికఱ్ఱతో చూపుచు, అచ్చటి మూడు చెట్లకు గానోడెర్మా తెగులు సోకినదనియు, ఆకులు వడలి వ్రేలాడినవనియు, మాను మొదట ఎఱ్ఱని బంకవంటి రసము కారినదనియు చెప్పిరి. ఆ చెట్లను వేళ్లతో గూడ పెల్లగించి కాల్పించి, ప్రక్క చెట్ల వేళ్లు ఆ మూలకు పోకుండుటకై కందకము తీయించితినని వివరించిరి. ఈ తెగులు శిలీంధ్రమువలన గలుగునది. నేలలోను మిగిలిన వేళ్లలోను చాలకాలము నిలిచియుండి, వేరునుండి వేరునకు ప్రాకును. కావున ఆయన చేసిన పని సరియైనదే. మేము విని, తలయూచి వచ్చితిమి. ఆ నాటి మా డైరీలో తోటను చూచితిమని మాత్రము వ్రాసితిమి.

రెండు మూడేండ్లకు ఆయన గతించిరి. పెద్దకుమారుడు పట్టణమున ఉద్యోగములో నుండుటచే చిన్నకుమారుడు తోటను చూచుకొనసాగెను. అతడు కొబ్బరిలో అరటి వేయదలచి మా సలహా యడిగెను. మేము తోట నంతను తిరిగి చూచి, ఆ కందకము వలన స్థలము వృథాయగుచున్నదని యెంచి, దానిని పూడ్చి నేల చదును చేసికొనవచ్చునని చెప్పితిమి. వందలకొలది తోటలు చూచిన మాకు ఆ వృద్ధుని మాట జ్ఞప్తికి రాలేదు. కుమారునకు ఆ సంగతి తెలియనే తెలియదు. కందకము పూడినది. ఖాళీలో క్రొత్త మొక్కలు నాటబడినవి. ఆరేండ్లు గడచునప్పటికి ఆ మూల చుట్టునున్న ఏడు కాపుచెట్ల మొదళ్లనుండి ఎఱ్ఱరసము కారుచుండెను. మేము పోయి చూచుచుండగా ఆ యింటి పెద్దమ్మగారు వచ్చి, “ఆయన మీకు చూపించేరు గదండీ” అని మాత్ర మనిరి. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను.

పొడవు జాతి కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టునని మీ రెఱుగుదురు. కాపుచెట్టు పోయిన నష్టము ఒక యేటితో తీరునది కాదు. ఈ నష్టమునకు తుపాను కారణము కాదు. ధర పడిపోవుటయు కారణము కాదు. ఇద్దరికి తెలిసిన సంగతి ఒకరితో కాటికి పోయెను. రెండవవారి మతినుండి జారిపోయెను. ఆ రెండవవారము మేమే. నూరు మాటలు ఒక వ్రాతకు ఈడు కావని పెద్దలు ఊరక యనలేదు.

ఎఱుక రెండు విధములు

ఎఱుక యంతయు ఒక తీరుది కాదు. కొంత నోటితో చెప్పి, కాగితముపై పెట్టదగినది. ఏ చెట్టునకు ఏ తెగులు ఎప్పుడు సోకెను, ఎరువు ఎంత వేసితిమి, కాయలెన్ని దిగినవి అనునవి యిట్టివి. మరికొంత చేతిలోను, చెవిలోను, కంటిలోను ఉండును. దానిని గలవాడు సయితము మాటలలో పూర్తిగా చెప్పజాలడు. మైకేల్ పొలాన్యి యను విద్వాంసుడు 1966లో ప్రకటించిన గ్రంథములో ఈ రెండవ విధమగు ఎఱుకనే విచారించెను.

మన యంబాజీపేట ప్రాంతపు కురిడీ కొబ్బరినే చూడుడు. ముదురు కాయలను పీచుతోడనే అటకపై పోసి నెలల తరబడి యుంచగా, లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను విడిచి గుండ్రని గుండుగా నిలుచును. ఏ కాయ కురిడీకి పనికివచ్చును, ఏది కుళ్లును, ఏది నేడే కొట్టదగినది అను సంగతిని అనుభవశాలి చేత బట్టి యూపి, చెవియొగ్గి చెప్పగలడు. ఆ చప్పుడెట్లుండునో వ్రాసి యిమ్మనిన వ్రాయలేడు. దానిని నేర్వదలచినవాడు అతని ప్రక్కన ఒకటి రెండు ఋతువులు కూర్చుండవలసినదే.

జపాను దేశమున మత్సుషిటా కంపెనీవారు 1980ల నడుమ ఇంటిలో రొట్టె కాల్చు యంత్రమును చేయబూని, ఎంత ప్రయత్నించినను పిండి సరిగా పిసుకబడక చిక్కుపడిరి. అప్పుడు వారి యుద్యోగిని యొకరు ఓసాకాలో పేరుపొందిన యొక హోటలు రొట్టెపనివానియొద్ద శిష్యురాలిగా చేరి, అతడు పిండిని సాగదీయుచు మెలిపెట్టుచున్నాడని కనిపెట్టిరి. ఆ మెలికను యంత్రములో నమర్చిన పిదపగాని రొట్టె కుదురలేదు. నొనాకా, తాకేఉచి యను నిద్దరు పండితులు 1995లో ఈ యుదాహరణమును తమ గ్రంథములో వివరించి, చేతిలోని నేర్పును మాటగాను, మాటను మరల పలువురి చేతి నేర్పుగాను మార్చగల సంస్థలే వృద్ధి పొందునని నిరూపింపబూనిరి.

దీనివలన మనము గ్రహింపదగిన దేమనగా, మొదటి విధమగు ఎఱుకకు పుస్తకము కావలెను. రెండవదానికి శిష్యరికము కావలెను. చెట్టు చరిత్రను జ్ఞాపకశక్తికి విడుచుటయు తప్పే. కురిడీ నేర్పును ఒక కరపత్రముతో నేర్పబూనుటయు తప్పే.

లెక్క చూపు లాభము

ఎఱుకను నిలుపుకొనుటవలన డబ్బు వచ్చునా యని కొందరు సభ్యులు మమ్మడిగియున్నారు. వచ్చును. ఉదాహరణమునకు నూరు కాపుచెట్ల తోట నొకదాని ననుకొందము. ఏటికి ఆరువేల కాయలు దిగినవి. సగటున చెట్టునకు అరువది యని రైతు తృప్తిపడును. కాని ప్రతి దింపునను చెట్టు చెట్టునకు లెక్క వ్రాసినచో, అందులో ఇరువది చెట్లు ఇరువదేసి కాయలే యిచ్చుచున్నవని తేలినదనుకొనుడు. అనగా ఆ యిరువదింటి మొత్తము నాలుగువందలు. తక్కిన యెనుబది చెట్లు 5600 కాయలిచ్చినవి, చెట్టునకు డెబ్బది చొప్పున. ఆ యిరువది చెట్లు తోటకు వేసిన ఎరువులో అయిదవ వంతు తిని, ఫలసాయములో పదునైదవ వంతు మాత్రమే యిచ్చినవి. సగటు ఈ సంగతిని కప్పిపుచ్చినది, లెక్క బయటపెట్టినది. ఆ చెట్లకు నీడ యెక్కువయా, వేరునకు నీరు తగులుచున్నదా, కొమ్ముపురుగు మొవ్వును కొట్టుచున్నదా, లేక జాతియే మంచిది కాదా యని విచారించుట ఆ తరువాతి పని. విచారించుటకు ముందు ఏ చెట్లో తెలియవలెను గదా!

ఎరువు విషయమును అట్టిదే. కాసరగోడు పరిశోధన సంస్థవారు కాపుచెట్టునకు ఏటికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరము, 1200 గ్రాముల పొటాషు అని సామాన్యముగా విధించియున్నారు. ఇది పలు తోటలకు వర్తించు మాట. మీ లంక మంటికిని, మీ పొరుగువాని యిసుకకును ఏ మార్పు కావలెనో చూపునది మట్టి పరీక్షయు, మీ సొంత లెక్కయు మాత్రమే. శాస్త్రజ్ఞుల మాటను మీ తోట పుస్తకము ప్రక్కన పెట్టి చదివిననే ఫలము.

శాస్త్రజ్ఞులు మాత్ర మేమి చేసిరి? వారును చెట్లకు గుర్తులు వేసి, ఏండ్ల తరబడి లెక్కలు వ్రాసిరి. నాటి మద్రాసు ప్రభుత్వమువారు 1916లో కాసరగోడు ప్రాంతమున కొబ్బరి పరిశోధనకు ఆరంభము చేసిరి. నీలేశ్వరములో జె.ఎస్. పటేలు గారు 1932లో పొడవు జాతిని పొట్టి జాతితో సంకరపరచి, ఆ సంతతి తల్లిదండ్రులకంటె మేలుగా నుండుటను కనిపెట్టిరి. ఏ మొక్కకు తల్లి యేదో, తండ్రి యేదో వ్రాసియుండకపోయినచో ఆ సంగతి యెవరికి తెలిసియుండును? 1955లో నెలకొనిన మన యంబాజీపేట పరిశోధన స్థానమునుండి, తూర్పు కోస్తా పొడవు జాతికిని గంగబొండామునకును పుట్టిన గోదావరి గంగ మనకు లభించుటయు ఇట్టి లెక్కల ఫలమే.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చినది. అట్టి యాపదల పిమ్మట తొందరలో దొరికిన మొక్క నెల్ల నాటుదురు. మొక్క యెచ్చటనుండి వచ్చినదో వ్రాసికొననివాడు, ఆరేడేండ్లు గడచి కాపు వచ్చిన పిమ్మటగాని దాని గుణ మెఱుగడు. ఎఱిగినను ఎచ్చటి మొక్క మంచిదో, ఎచ్చటిది కాదో పొరుగువానికి చెప్పజాలడు.

వరిసాగునకును ఈ మాట చెల్లును. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంటవిరామము పాటించినప్పుడు గిట్టుబాటు ధరయే ముఖ్యమగు ప్రశ్నగా నుండెను. ప్రభుత్వము మోహన్ కందా గారి యాధ్వర్యవమున విచారణ సంఘము నేర్పరచినది. ఎకరమునకు దమ్ము, ఊడ్పు, కోత, ఎరువు, కౌలు ఇంతింత యైనదని తేదీలతో చూపగల రైతు మాటకు గల బలము, గిట్టుబాటు కాలేదని యంచనాగా చెప్పు మాటకు రాదు. ధర మన చేతిలో లేకపోవచ్చును. మన ఖర్చు మనకు తెలియుట మాత్రము మన చేతిలోనిదే.

పంచుకొనిన తరుగనిది

ధాన్యమును పంచిన గాదె తరుగును. ఎఱుకను పంచిన తరుగదు. అయినను కొందరు తమకు తెలిసినది పొరుగువానికి తెలిసిన తమ లాభము పోవునని భయపడుదురు. ఏ వర్తకునకు ఏ ధరకు అమ్మితిమను సంగతి దాచుకొనుట యొక్కొక్కప్పుడు న్యాయమే. తెగుళ్లు, పురుగుల విషయమున దాచుట తనకే నష్టము.

క్రొత్త పురుగు ఒక్కసారిగా మన తోటలో పుట్టదు. ఇరియోఫిడ్ నల్లి మన దేశములో 1998లో మొదట కేరళలోని ఎర్నాకుళము జిల్లాలో కనబడినది. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కనబడినది. రెండును తరువాత మన గోదావరి తోటలకు వచ్చినవి. అచ్చట కనబడిన నాటికిని ఇచ్చటికి వచ్చిన నాటికిని నడుమ గల కాలమే మన కనుకూలమగు కాలము. అచ్చటివారి యనుభవమును ముందుగా తెలిసికొనిన సంఘము ఆ కాలమును వాడుకొనును. తెలియని సంఘము పురుగు వచ్చిన పిమ్మట దుకాణమునకు పరుగెత్తును.

తెల్లదోమ ఆకుల యడుగున జేరి రసము పీల్చగా, తేనెవంటి జిగురు క్రింది యాకులపై బడి నల్లని మసి పట్టును. ఆ నలుపును చూచి బెదరి ఘాటైన మందు చల్లిన రైతులు కలరు. ఎన్‌కార్సియా యను మిక్కిలి చిన్న కందిరీగజాతి పురుగు ఆ దోమ పిల్లలనే ఆశ్రయించి వానిని నశింపజేయును. ఘాటు మందు ఆ మిత్రుని గూడ చంపును. పిదప దోమ మరల విజృంభించును. ఆకు లడుగున నీటిని జోరుగా చల్లుట, పసుపుపచ్చని జిగురు అట్టలు కట్టుట, మసి రాలుటకై లీటరు నీటికి పది గ్రాముల గంజిపొడి కలిపి చల్లుట, ఐసేరియా యను శిలీంధ్రపు మందును వాడుట శాస్త్రజ్ఞులు చెప్పిన మార్గములు. పదిమంది యీ సంగతి నెఱిగి, పదునొకండవవాడు ఎఱుగక మందు చల్లినచో, ఎల్ల తోటల మిత్రకీటకములకును ముప్పే. కావున పొరుగువాని యజ్ఞానము మన ఖర్చే యగును.

సంఘము చేయదగిన పని

1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేలు పట్టణమున కొందరు బీద పనివారు కలిసి యొక చిన్న సహకార దుకాణము తెరచిరి. అది కుదురుకొనిన పిమ్మట లాభములో నూటికి రెండున్నర వంతున విద్యకై కేటాయించి, సభ్యులకు పఠన మందిరము నేర్పరచిరి. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్యవారు ప్రకటించిన ఏడు సూత్రములలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారములను గూర్చినదే. మన దేశమున 1904 నాటి చట్టముతో సహకార సంఘము లారంభమైనవి. అప్పు, ఎరువు, విత్తనము మన సంఘములద్వారా పంచుకొనుచున్నాము. ఎఱుకను గూడ పంచుకొనుటకు మేము సూచించు పద్ధతి యిది.

ఒకటి. సంఘ కార్యాలయమున తోట పుస్తకము నొకదాని నుంచవలెను. అందు అయిదు గడులు చాలును: తేదీ, తోటయు చెట్టు గుర్తును, చూచినది, చేసినది, ఫలితము. చూచినదానిని ఊహించినదానితో కలుపరాదు. ఆకు పండినదని వ్రాయవచ్చును; పొటాషు లోపమని తేలకుండ వ్రాయరాదు.

రెండు. ప్రతి రైతును తన చెట్లకు వరుస సంఖ్యలు వేసికొనవలెను. మానుమీద తారుతో వేసిన అంకె చాలకాలము నిలుచును. తనకు వ్రాత రానిచో బడికి పోవు బిడ్డచేత వ్రాయింపవలెను. బిడ్డకు తోట తెలియును, తండ్రికి లెక్క నిలుచును.

మూడు. దింపు తీయువారిని, ఒలుపువారిని అడిగి వ్రాయవలెను. చెట్టు తలను దగ్గరగా చూచువాడు దింపు తీయువాడే. కొమ్ముపురుగు రంధ్రము, మొవ్వుకుళ్లు మొదట అతని కంటనే పడును. ఎవ్వరు నడుగరు గనుక అతడు చెప్పడు. కౌలుదారు మారునప్పుడు, పాతవానికి తెలిసినదానిని క్రొత్తవానికి చెప్పించి వ్రాయించుటయు భూస్వామి పనియే.

నాలుగు. ఫలించని ప్రయత్నములను గూడ వ్రాయవలెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనువాని పుస్తకము ఎవ్వరికిని పనికిరాదు. ఒకరి నష్టము వ్రాసియున్నచో పదిమంది దానిని తప్పించుకొందురు.

అయిదు. నెలకొకసారి సమావేశమున ఆ నెల వ్రాతలను పైకి చదువవలెను. చదువని పుస్తకము చెదలకు మేత. కార్యదర్శి మారునప్పుడు నగదుతోబాటు ఈ పుస్తకమును లెక్కకట్టి యప్పగింపవలెను. దీనికొక నకలు వేరొకచోట నుండవలెను.

నేడు చేతి ఫోనులో ఫొటోలును సందేశములును క్షణములో వచ్చుచున్నవి. అవి యుపయోగకరములే. కాని ఈ నాడు వచ్చిన సందేశము వచ్చే యేడు వెదకిన దొరకుట కష్టము. కావున ముఖ్యమైనదానిని పుస్తకములో నెక్కింపవలెను.

ముగింపు

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో, ప్రతి విద్యార్థికిని ఒక మడియు, ఒక నోటుపుస్తకమును ఇచ్చెడివారు. మా ఉపాధ్యాయులు మొదట మొక్కను చూడక పుస్తకమునే చూచెడివారు. తేదీ లేని పంక్తిని కొట్టివేసెడివారు. అప్పుడది మాకు కష్టముగా తోచినది. ఆ యలవాటును ఉద్యోగములో విడిచినందులకు ఫలమును ఒక పేదకుటుంబము ఏడు చెట్లతో చెల్లించినది.

ఆ తోటలో ఇప్పుడు కందకము మరల త్రవ్వబడినది. ఆ మూల యొక్క చరిత్రను, మా తప్పుతో సహా, ఆ యూరి సంఘ పుస్తకములో మొదటి పుటలో వ్రాయించితిమి. పుస్తకము వలన పోయిన చెట్లు రావు. ఉన్నవి నిలుచుటకు మాత్ర మది తోడ్పడును.

కావున సభ్యులకు మా మనవి. రాబోవు సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతివారును తమ తోటనుగూర్చి తమకు మాత్రమే తెలిసిన సంగతి నొకదానిని, తేదీతో సహా, చిన్న కాగితముపై వ్రాసి తేవలెను. ఇంటిలో వృద్ధులున్నవారు ముందుగా వారి నడిగి వ్రాయవలెను. ఆ పని రేపటికి విడువదగినది కాదు.